మేజరూ మైనరూ మధ్యలో నేనూ

మా అమ్మాయి ఏం చదువుతోందో నాకు తెలీదు.

ఈ మాట పైకంటే జనం నన్ను అదోలా చూస్తారు. పిల్లని గాలికొదిలేసిన తండ్రి అనుకుంటారు. నిజానికి ఫీజులు కట్టేది నేనే. ఆ రసీదులన్నీ ఏడాది వారీగా దారం కట్టి బీరువాలో దాచేదీ నేనే. ముప్పై ఏళ్లుగా సర్కారీ ఆఫీసులో జీవోలు చదివి, చదివినదాన్ని పైవాళ్లకి కూడా అర్థం కాకుండా నోటు పెట్టగలిగిన సీనియర్ అసిస్టెంటుని. 'పై సూచికలో ఉదహరించిన ఉత్తర్వుల దరిమిలా' అని మొదలయ్యే ఏ కాగితమూ ఇంతవరకూ నా ముందు నిలవలేదు. అలాంటివాణ్ని కన్నకూతురి డిగ్రీ పేరు ఒక్క గుక్కలో చెప్పలేక, పెళ్లి పంక్తిలో గుత్తొంకాయ కూర కలుపుకుంటూ నీళ్లు నమిలాను. తప్పు నాదో కాదో పెద్దలే తేల్చాలి.

జరిగిందేమిటంటే, పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి మర్యాదకి, "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అన్నారు. మా వైపు ఇది ప్రశ్న కాదు, పలకరింపు. 'భోంచేశారా' లాంటిది. ఒక్క మాట చెప్తే చాలు, అవతలివాళ్లు 'అలాగా' అని పప్పులోకి వెళ్లిపోతారు.

"బి.ఎస్సీ. ఆనర్సండీ."

"ఏ గ్రూపు?"

"బోటనీ మేజరండీ."

"మేజరా?"

"అవునండీ. జువాలజీ మైనరు."

ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. "పెద్దమ్మాయి మేజరు, చిన్నమ్మాయి మైనరు, అంతేగా? నేనడిగింది పెద్దమ్మాయి సంగతేనండీ" అన్నారు.

నాకున్నది ఒక్కతే కూతురని మొదలుపెట్టి సంగతంతా వివరించేసరికి అప్పడం మెత్తబడిపోయింది. సాంబారు బకెట్టు నన్ను దాటి పక్క వరసలోకి వెళ్లిపోయింది. ఆయన మాత్రం పెరుగులోకి వచ్చేశారు. మనిషిని కూడు తిననివ్వని చదువు గురించి ఇంకెవరికి మొరపెట్టుకోవాలి?

నేను చదివింది హెచ్.ఇ.పి. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. 1988లో నన్ను డిగ్రీలో చేర్చడానికి మా నాన్న సైకిలు మీద వచ్చారు. గుమస్తా తలెత్తకుండా "ఏ గ్రూపండీ?" అన్నాడు. మా నాన్న నా మార్కుల కాగితం ఆయన ముందుకి తోసి, "దీనికి ఏదొస్తే అదే రాయండి" అన్నారు. అంతే, కౌన్సెలింగ్ అయిపోయింది. ఎండలో పెట్టిన సైకిలు సీటు వేడెక్కేలోపు నా భవిష్యత్తు తేలిపోయింది. ఆ రోజుల్లో మనుషులు మూడక్షరాల్లో ఇమిడిపోయేవాళ్లు. ఎం.పి.సి.వాడు తల ఎత్తుకు తిరిగేవాడు, బి.జెడ్.సి.వాడు సీసాలో కప్పతో తిరిగేవాడు, బి.కాం.వాడు బ్యాంకు పరీక్ష పుస్తకంతో తిరిగేవాడు. హెచ్.ఇ.పి. వాళ్లం ఊరికే తిరిగేవాళ్లం. మూడు సబ్జెక్టులూ సమానంగా చదివాం, సమానంగా మర్చిపోయాం. ఒకటి పెద్దదనీ ఇంకోటి చిన్నదనీ మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ చిన్నదాన్ని ముందే మర్చిపోయేవాళ్లం.

2023లో మా రాష్ట్రంలో ఆ మూడు సబ్జెక్టుల కాపురాన్ని విడదీసి ఒకే మేజర్, దాని పక్కన ఒక మైనర్ అన్నారు. మా అమ్మాయి సరిగ్గా ఆ ఏడే ఇంటరు బైపీసీ పాసయ్యింది. మా ఇంటి జాతకమే అంత. కొత్త మందు ఏదొచ్చినా ముందు మా చేలో చల్లి చూస్తారు.

మేజర్ అన్న మాట వినగానే మా అమ్మ, అంటే పిల్ల నాయనమ్మ, "పద్దెనిమిది నిండాయిగా, మేజరే మరి" అంది. ఇక మైనర్ అంటే ఆవిడకి తెలిసింది ఒకటే అర్థం. పట్టు లాల్చీ, మెడలో మైనరు గొలుసు, చేతిలో పేకముక్కలు, నాలుగేళ్లలో నలభై ఎకరాలు హారతి కర్పూరం చేసినవాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఆడపిల్లకి మైనరు వేషాలు కాలేజీలో నేర్పడం ఏమిట్రా?" అని ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను నచ్చజెప్పాను. మేజర్ అంటే ముఖ్యంగా చదివేది, మైనర్ అంటే పక్కన చదివేది అన్నాను. "పక్కన చదివేది పరీక్షలో వస్తుందా?" అంది. వస్తుందన్నాను. "తప్పితే?" తప్పినట్టే అన్నాను. "మరి చిన్నదేమిట్రా అందులో?" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నా నోటు ఫైలుకి ఇంత సూటి అభ్యంతరం ఏ ఆడిటరూ రాయలేదు.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత అనుకుని పరిశోధనకి దిగాను. అక్కడా పరువు పోయింది. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావుగారు విజయనగరం మహారాజావారి కాలేజీలో 1886లో బి.ఏ. పాసయ్యారు. ఆయనకి తత్వశాస్త్రం మేజరు, సంస్కృతం మైనరు. అంటే మనం నూట ముప్పై ఏళ్ల పైన చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చామన్నమాట. ఈ సంగతి మా అమ్మాయికి చెప్తే, "చూశావా నాన్నా, నేనూ గురజాడా ఒకటే స్కీము" అంది. ఆయన స్కీములో చదివి కన్యాశుల్కం రాశాడు, నువ్వు కనీసం రికార్డు రాయవే అన్నాను. తండ్రి నోట రావలసిన మాటే వచ్చింది. ఏ రెగ్యులేషనూ దాన్నింకా మార్చలేదు.

అసలు మనవాళ్ల పైచదువులకి కుదురుగా ఒకచోట ఉండే అలవాటు మొదట్నుంచీ లేదు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో పుట్టి, నాలుగేళ్లకే వాల్తేరు సముద్రం ఒడ్డుకి మకాం మార్చింది. బెజవాడ ఎండ తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. కానీ ఇల్లు మారడం వేరు, మనిషి పేరే మారిపోవడం వేరు.

అడ్మిషన్ల రోజుల గురించి చెప్పాలి. మా రాష్ట్రంలో డిగ్రీలో చేరాలంటే ఇప్పుడు గుమస్తా ఉండడు, ఓ.ఏ.ఎం.డి.సి. ఉంటుంది. మొదట ఆ పేరు విని ఖనిజాభివృద్ధి సంస్థేమో అనుకున్నాను. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల సంగతని అమ్మాయి చెప్పింది. వెబ్ ఆప్షన్లు పెట్టాలంది. సరే, అన్నం తిన్నాక భోజనాల బల్ల తుడిచి అందరం చుట్టూ కూర్చున్నాం. అమ్మాయి ఒడిలో ల్యాప్‌టాప్, నా చేతిలో పెన్నూ కాగితం, మా అమ్మ చేతిలో జపమాల. ఫోన్ నంబరు మాత్రం మా ఆవిడది ఇచ్చాం. ఆ ఫోను వంటింట్లో మిక్సీ పక్కన ఉంటుంది. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ ఆవిడ పిండి చేత్తో తెర తుడిచి, కళ్లజోడు వెతుక్కుని, ఆరంకెలూ గట్టిగా చదివేసరికి దాని ఆయుష్షు తీరిపోయేది. మూడోసారికి, "ఇంత తొందరగా పాడైపోయేది ఎందుకు పంపిస్తారండీ, పాలా ఏమన్నానా?" అంది.

ఇక కోర్సుల పేర్లు. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వరకూ తెలిసిన మొహాలే. అక్కణ్నుంచి మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, హార్టికల్చర్, ఆక్వాకల్చర్ టెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ. ఫుడ్ టెక్నాలజీ దగ్గర మా ఆవిడ వంటింట్లోంచి, "దానికి మూడేళ్లు చదవాలా?" అంది. ఆ గొంతులో ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. నేను తలెత్తకుండా రాసుకుపోయాను. డేటా సైన్స్, క్లౌడ్ కంప్యూటింగ్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. పేరు కొత్తదవుతున్నకొద్దీ అది చెప్పే కాలేజీ భవనం పాతదవుతోందని గమనించాను. మా ఊళ్లో రైలు గేటు అవతల, కింద ఎరువుల కొట్టు, పైన షామియానాల గోడౌను ఉన్న మేడ ఒకటుంది. దాని మూడో అంతస్తులో కృత్రిమ మేధ చెప్తారట. ఆ మెట్లెక్కడానికి సహజమైన మేధ ఉంటే చాలదు, మోకాళ్లు కూడా ఉండాలి.

ఆ వారం రోజులూ మా ఇంట్లో అందరికీ పొడి అక్షరాల జబ్బు పట్టుకుంది. మా ఆవిడ కిరాణా చీటీ కూడా అలాగే రాయడం మొదలెట్టింది. కె.పి. అంటే కందిపప్పు, ఎం.పి. అంటే మినపప్పు, బి.ఆర్. అంటే బొంబాయి రవ్వ. కొట్టు కుర్రాడికి ఒక్కసారి చెప్తే అర్థమైపోయింది. యూనివర్సిటీలకి ఆ సదుపాయం లేదు.

మాకు అసలు కావలసినది వేరే ఉంది. దాన్ని స్కోపు అంటారు. తెలుగు తల్లిదండ్రులు ఏ విద్యనైనా మొదట ఈ స్కోపుతోనే కొలుస్తారు. బంగారానికి తక్కెడ ఎలాగో, చదువుకి స్కోపు అలాగ. "బోటనీకి స్కోపు లేదండీ" అని ఎదురింటాయన, పక్కింటాయన, పాలవాడు విడివిడిగా చెప్పారు. ఎదురింటాయన అబ్బాయి బి.టెక్. చేస్తున్నాడు. ఏ బ్రాంచి అని అడిగితే, "సి.ఎస్.ఇ., బ్రాకెట్లో ఏ.ఐ. అండ్ ఎం.ఎల్." అన్నారు. పక్కింటి వాళ్లబ్బాయిది సి.ఎస్.ఇ., బ్రాకెట్లో డేటా సైన్స్. మేడ మీద అద్దెకుండేవాళ్ల పిల్లది బ్రాకెట్లో సైబర్ సెక్యూరిటీ. మా చిన్నప్పుడు బ్రాకెట్ అంటే మట్కా. రాత్రి అంకె తగిలితే కొంపలు నిలబడేవి, తగలకపోతే మునిగేవి, మధ్యలో పోలీసులు వచ్చి పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడదే ఆట పగలు ఆడుతున్నారు. పోలీసులు మాత్రం రావడం లేదు. సివిలు, మెకానికల్ అన్న పేర్లకి పాపం బ్రాకెట్టు లేదు, అందుకే వాటి సీట్లు మిగిలిపోతున్నాయి.

పిల్ల మాత్రం ఏ బ్రాకెట్టుకీ లొంగలేదు. బోటనీయే కావాలంది. ఎందుకే అంటే, "ఇష్టం" అంది. స్కోపుకి ఎదురుగా నిలబెట్టడానికి అది ఒక కారణమే కాదు. అయినా నిలబడింది. తల్లి పోలిక.

అలా బోటనీ మేజరు తీసుకున్న పిల్ల మొదటి ఆర్నెల్లూ బోటనీ చదవలేదు. ఇది అతిశయోక్తి కాదు. మొదటి సెమిస్టరులో బయాలజీ పిల్లలందరికీ ఒకటే వంట. ఇంట్రడక్షన్ టు క్లాసికల్ బయాలజీ, ఇంట్రడక్షన్ టు అప్లైడ్ బయాలజీ. రెండూ పరిచయాలే. పెళ్లి కుదిరాక పిల్లాడిని చూపించకుండా ఆర్నెల్లు వాళ్ల మేనమామనీ బాబాయినీ పరిచయం చేసినట్టు. రెండో సెమిస్టరులో అసలు మేజరు గడప తొక్కింది, దాని వెనకే మైనరూ.

మైనరు దగ్గర మా ఇంట్లో చిన్న ఉత్సాహం పుట్టింది. కొత్త విధానంలో సైన్సు చదివేవాళ్లు చరిత్ర తీసుకోవచ్చు, సంగీతం తీసుకోవచ్చు, గోడలు లేవు అని పేపర్లో చదివాను. హెచ్.ఇ.పి. రక్తం కదా, నాకు కళ్లు చెమర్చాయి. చరిత్ర తీసుకోవే, నేను సాయం చేస్తానన్నాను. 'మర్చిపోయావుగా నాన్నా' అని పైకనలేదు గానీ, పిల్ల కూడా సరేనంది. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి, "జువాలజీ ఇచ్చారు" అంది. చరిత్రకి లెక్చరరు లేరట. ఉన్న ఒక్కరూ రిటైరయ్యారట. ఏ మైనరైనా తీసుకోవచ్చు, కాకపోతే చెప్పేవాళ్లున్నదే తీసుకోవాలి. మా ఊరి హోటల్లో సర్వరు గుక్క తిప్పుకోకుండా ఇరవై టిఫిన్ల పేర్లు చెప్పి, పెసరట్టు అనగానే 'అయిపోయిందండీ' అంటాడని మనం నవ్వుకుంటాం గానీ, పాపం వాడు పొద్దున్న ఏడింటికి నిజంగానే పెసరట్టు పోశాడు. అయిపోయిందంటే ఎవరో తిన్నారనే కదా.

మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు. వాడి కొడుకు డిగ్రీ కథ విని నాకు కొంత ఊరట కలిగింది. అక్కడ 2016 నుంచి డిగ్రీ ప్రవేశాల వ్యవస్థకి దోస్త్ అని పేరు. పేరులో ఎంత ఆప్యాయత! మొదటి విడతలో దోస్తీకి రెండు వందలు రిజిస్ట్రేషన్ ఫీజు. ఆ విడత దాటి వస్తే నాలుగు వందలు. స్నేహంలో ఆలస్యం పనికిరాదని మా నాన్నా చెప్పేవారు గానీ రేటు చెప్పలేదు. వాళ్ల దగ్గర సబ్జెక్టుల్ని బకెట్లలో పెట్టి, బకెట్టుకొకటి చొప్పున ఏరుకోమన్నారట. సాంబారు నుంచి సబ్జెక్టు దాకా బకెట్టు నాతో ఎప్పుడూ మర్యాదగా లేదు కాబట్టి ఆ విషయంలో నేను తీర్పు చెప్పను.

ఇంకా పైన అమెరికాలో మా పెద్దమ్మ మనవడు ఉన్నాడు. వాడు యూనివర్సిటీలో చేరి ఏడాది దాటింది. ఏం చదువుతున్నావురా అని ఫోన్లో అడిగితే, "అన్‌డిక్లేర్డ్ మామయ్యా" అన్నాడు. అక్కడ ఏ మేజరో తేల్చుకోకుండానే చేరిపోవచ్చట, చదువుతూ చదువుతూ తర్వాత ప్రకటించవచ్చట. డాలర్లలో ఫీజు కడుతూ ఏం చదవాలో ఆలోచిస్తున్నాడు. మా వైపు కౌలు కట్టి పొలం తీసుకుని, ఏ పంట వేయాలో వచ్చే ఏడు చెప్తానన్నవాణ్ని ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాయలేను. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. వాడికి ఏం చదువుతున్నాడో తెలీదని వాడే చెప్పాడు. ఇక్కడ పిల్లకి తెలుసు, నాకే తెలీదు.

క్రెడిట్ల దగ్గరికి వద్దాం. నేను పుట్టి పెరిగిన ఇంట్లో క్రెడిట్ అంటే అరువు. అరువు పెరిగిందంటే పరువు తగ్గిందని అర్థం. ఇప్పుడు పిల్ల, "ఈ సెమ్‌లో ఇన్ని క్రెడిట్లొచ్చాయి నాన్నా" అని సంతోషంగా చెప్తుంటే నా గుండె ఒక లిప్తపాటు ఆగి మళ్లీ కొట్టుకుంటోంది. యూజీసీ చట్రం ప్రకారం ఏడాదికి నలభై చొప్పున మూడేళ్లకి 120, నాలుగేళ్లకి 160. అందులో మేజరు వాటా ఇంత, మైనరు వాటా ఇంత, భాషలకింత, స్కిల్ ఎన్‌హాన్స్‌మెంటుకింత, వాల్యూ యాడెడ్‌కింత. వాల్యూ యాడెడ్ అంటే నాకు తెలిసింది ట్యాక్సు ఒక్కటే. అదీ వచ్చినప్పుడు ధరలు పెరిగాయి.

ఈ క్రెడిట్లన్నీ దాచడానికి ఒక బ్యాంకు ఉంది. నిజంగానే దాని పేరు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. మా అమ్మాయికి అందులో ఖాతా ఉంది, పన్నెండంకెల నంబరుంది. ఒక కాలేజీలో సంపాదించినవి అందులో ఉంటాయి, ఇంకో కాలేజీలో వాడుకోవచ్చు, ఏడేళ్ల వరకూ చెల్లుతాయి. మంచిదే. నాకున్న బాధల్లా ఒక్కటే. ఆ బ్యాంకుకి వెళ్లి కూర్చోడానికి బల్ల లేదు, టోకెన్ లేదు, గొలుసుతో కట్టిన పెన్ను లేదు. ఎవరి మీద కేకలేయాలి? ఒకసారి రెండు క్రెడిట్లు ఎక్కలేదు. కాలేజీలో అడిగితే యూనివర్సిటీలో అడగమన్నారు, యూనివర్సిటీలో అడిగితే పోర్టల్లో చూడమన్నారు, పోర్టల్లో చూస్తే కాలేజీని సంప్రదించమని ఉంది. ఇది నాకు బాగా తెలిసిన విద్య. ముప్పై ఏళ్లుగా నేనే ఇతరులకి చేస్తున్నాను. అందుకని ఎక్కువ మాట్లాడలేకపోయాను. మా ఆవిడ మాత్రం, "అందులో ఉన్నవి కాసిని తీసి ఈసారి పరీక్ష ఫీజుకి సర్దమనండీ" అంది. ఆర్థికశాస్త్రం చదివింది నేను.

చేరడానికి ఇన్ని తిప్పలు పెట్టినవాళ్లు, బయటికి పోవడానికి మాత్రం ఏడాదికొక తలుపు తీసి పెట్టారు. మొదటి ఏడు చదివి వెళ్లిపోతే సర్టిఫికెట్, రెండో ఏడు పోతే డిప్లొమా, మూడేళ్లు ఉంటే డిగ్రీ, నాలుగేళ్లూ ఓపిక పడితే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో డెబ్బై ఐదు శాతం తెచ్చుకుంటే ఆనర్స్ విత్ రిసెర్చ్. పాపం అభిమన్యుడికి లోపలికి వెళ్లడం తెలుసు గానీ బయటికి రావడం తెలీదు. మా అమ్మాయికి బయటికొచ్చే దారులు హ్యాండ్‌బుక్ మొదటి పేజీలోనే గీసి చూపించారు. పోయినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి రావచ్చు కూడా. మా అమ్మ ఇదంతా విని, "మధ్యలో పెళ్లి చేసేసి తర్వాత చదివించుకోవచ్చన్నమాట" అంది. ఢిల్లీలో ఇంతమంది పెద్దలు కూర్చుని చేసిన ఏర్పాటు మా అమ్మకి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాలేదు. పిల్ల మాత్రం నాయనమ్మ వైపు తిరిగి, "పెళ్లికి ఎన్ని ఎగ్జిట్లున్నాయి నాయనమ్మా?" అని అడిగింది. ఆ రోజు జపమాల చాలాసేపు తిరిగింది.

మొదటి ఏడాది సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అన్నారు. ఊరి సమస్యలు సర్వే చేయాలి. ఎండలో ఊరంతా తిరగడం ఎందుకని మా ఆవిడ సలహా మీద మా వీధితోనే మొదలుపెట్టింది. వీధిలో మొదటి ఇల్లు మాదే. నా ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫారం తీసి, నన్నెప్పుడూ చూడనట్టు, "ఇంటి యజమాని పేరండీ?" అంది. చెప్పాను. "విద్యార్హత?" బి.ఏ. "నెలసరి ఆదాయం?" నేను గొంతు తగ్గించి చెప్పాను. వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. పెళ్లయిన ఇరవై ఏళ్లుగా నేను కాపాడుకొచ్చిన ఒకే ఒక రహస్యం ఆ విధంగా కాసిని క్రెడిట్ల కోసం బయటపడింది. డీఏ బకాయిలు కూడా ఉన్నాయా అని లోపల్నుంచి అనుబంధ ప్రశ్న వచ్చింది.

ఇన్ని చెప్పినవాణ్ని ఒకటి దాచకూడదు. మూడో సెమిస్టరులో ఓ ఆదివారం పెరట్లోకి వెళ్లి చూస్తే, పిల్ల గోడవార మోకాళ్ల మీద కూర్చుని కలుపు మొక్కల్ని వేళ్లతో సహా పీకుతోంది. ఇన్నాళ్లకి ఇంటి పని ముట్టుకుందని సంతోషించేలోపు, వాటిని కడిగి, నేను జాగ్రత్త చేసుకున్న పాత గెజిట్ల మధ్య ఒక్కొక్క ఆకూ మడత పడకుండా పరిచి, పైన మా రుబ్బురోలు పొత్రం పెట్టింది. హెర్బేరియమట. వారం తర్వాత గెజిట్ తీస్తే, నా పదోన్నతి సీనియారిటీ జాబితా మీద ఉత్తరేణి ఎండి అతుక్కుపోయి ఉంది. నేను కేకలేయబోతే, దాని కంకిని నా చొక్కా చేతికి రాసి వదిలింది. గింజలు పట్టుకుని ఊడలేదు. "చూడు నాన్నా, దీని పేరు అకైరాంథిస్ ఆస్పెరా. పక్కనున్న తుమ్మి ల్యూకాస్ ఆస్పెరా. ఆస్పెరా అంటే గరుకు. ముట్టుకుని చూడు" అంది. ముట్టుకున్నాను. గరుగ్గానే ఉంది. వినాయకచవితికి ఏటా పత్రిలో నేనే తెంపి తెచ్చే ఉత్తరేణి ఇలా ఉంటుందని యాభై మూడేళ్లు వచ్చేదాకా నేను చూడలేదు. ఈ పేరాకీ నా ఫిర్యాదుకీ సంబంధం లేదు కాబట్టి విచారణాధికారి దీన్ని పరిగణనలోకి తీసుకోనక్కర్లేదు.

ఆ గరుకు ముట్టించడం నేర్పిన లెక్చరరుని చూద్దామని ఒకరోజు కాలేజీకి వెళ్లాను. నిజానికి వెళ్లింది నాలుగో ఏడు సంగతి కనుక్కోడానికి. ఆయన చాలా చిన్నవాడు, కాంట్రాక్టు మీద ఉన్నాడు. మేజరు ఆయనే చెప్తాడు, ఇతర గ్రూపుల వాళ్లకి మైనరూ ఆయనే చెప్తాడు, స్కిల్ కోర్సూ ఆయనే, మధ్యాహ్నం అడ్మిషన్ల డెస్కు దగ్గర కూర్చునేదీ ఆయనే. "మీరేం చదివారండీ?" అని అడిగాను. కొంచెం సిగ్గుపడి, "బి.జెడ్.సి. అండీ" అన్నాడు. ఆ మూడక్షరాలూ విన్నాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. సీసాలో కప్ప గుర్తొచ్చింది. ఆఫీసులో గుమస్తాని మాత్రం అడిగాను, బోటనీ ఆనర్స్ నాలుగో ఏడు ఇక్కడ ఉంటుందా అని. ఆయన కిటికీలోంచి వేలు పెట్టి గేటు వైపు చూపించి, "బోర్డు మీద ఉంది కదండీ" అన్నాడు. బోర్డు మీద ఈత కొలను కూడా ఉంది.

మొన్న మళ్లీ పెళ్లి. ఈసారి నేను సిద్ధపడే వెళ్లాను. పిల్ల చేత కోర్సు పేరు పూర్తిగా, మేజరు, మైనరు, క్రెడిట్లతో సహా ఒక చీటీ మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. అనుకున్నట్టే, అప్పడం వేడిగా ఉండగానే పక్కాయన, "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అన్నారు. ఎడంచేత్తో చీటీ తీశాను. కళ్లజోడు గదిలోనే మర్చిపోయాను గానీ, దూరంగా పెట్టి చూస్తే పొడి అక్షరాలు ఆనుతున్నాయి. గంభీరంగా చదివాను.

"కె.పి. రెండు, ఎం.పి. ఒకటి, బి.ఆర్. ఒకటిన్నర..."

పక్కాయన నెయ్యి వేయించుకుంటూ శ్రద్ధగా విన్నారు. ఇంగువ దగ్గరికొచ్చి నేనాగిపోయాను. ఆయన మాత్రం ఒకసారి తలూపి, "మంచి కాంబినేషనండీ. దానికిప్పుడు బాగా స్కోపుంది" అని పప్పులోకి వెళ్లిపోయారు.